వీర వెంకట సత్యనారాయణ ఎక్కడికి పోయాడు?

మా గోదావరి జిల్లాల్లో ఒక పేరుంది. యాభై దాటిన మగాళ్ళు పదిమంది కూర్చున్న అరుగు దగ్గరికెళ్ళి ఆ పేరు పెట్టి పిలిస్తే ఒక్కరైనా "ఆయ్" అంటారు. అదే పేరుతో ఏ ఇంటర్నేషనల్ స్కూల్లోనో యూకేజీ క్లాసు గుమ్మంలో నిలబడి పిలిచి చూడండి. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. టీచరమ్మ "ఏ పిల్లాడి తాతగారి కోసం వచ్చారండీ?" అని అడుగుతుంది.

ఆ పేరు సత్యనారాయణ. నా పేరు కూడా అదే లెండి, అందుకే ఈ బాధ :)

ఈమధ్య మా ఇంట్లో ఒక పసివాడి పేరు దగ్గర పెద్ద రభస జరిగింది. దాని పుణ్యమా అని ఈ పేరు ఎక్కడ పుట్టింది, ఎలా పెరిగింది, ఎందుకు పోతోంది అని కాస్త తవ్వి చూశాను. దొరికింది ఇక్కడ పెడుతున్నాను. రభస సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే ముందు ఈ కథంతా తెలిస్తే గానీ మా అమ్మ చెప్పిన మాట అర్థం కాదు.

ముందుగా ఒక చిట్కా. ఇంటర్వ్యూలు చేసే మిత్రులకి పనికొస్తుంది. రెజ్యూమెలో ఇంటిపేరు తర్వాత "వి.వి." అని రెండక్షరాలు కనిపించాయనుకోండి, నూటికి ఎనభై పాళ్ళు మా వాడే అనుకోవచ్చు (ఈ ఎనభై నా సొంత లెక్క, సర్వేలేమీ లేవు). వీర వెంకట. అన్నవరం స్వామి పూర్తి పేరు శ్రీ వీర వెంకట సత్యనారాయణ స్వామి. ఈవీవీ అని మనందరం పిలుచుకున్న దర్శకుడి పేరు ఈదర వీర వెంకట సత్యనారాయణ, సొంతూరు అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలోని కోరుమామిడి. ఇంటిపేరు తీసేస్తే మిగిలిందంతా అచ్చంగా కొండమీద దేవుడి పేరే. వీవీఎస్ లక్ష్మణ్‌ని మాత్రం ఈ లెక్కలో కలపకండి, ఆయన వంగిపురపు వెంకట సాయి. ఆయన ఇన్నింగ్సులు చూసినప్పుడు మా వాడే అయితే బాగుండునని చాలాసార్లు అనిపించింది, అది వేరే సంగతి.

అసలు మా వైపు పేర్లన్నీ అడ్రసులే. లోవరాజు అన్నాడంటే తుని దగ్గర తలుపులమ్మ లోవ. మావుళ్లు అంటే భీమవరం మావుళ్ళమ్మ. మాణిక్యం, మాణిక్యాలరావు అంటే ద్రాక్షారామం మాణిక్యాంబ. పాలకొల్లులో పుట్టిన అల్లు రామలింగయ్య గారి పేరు వింటే, ఆ ఊరి క్షీరారామలింగేశ్వరుడు గుర్తుకు రాకుండా ఎలా ఉంటాడు? మా వైపే అనేమిటి, విశాఖ వైపు వెళ్తే సింహాచలం అప్పన్న పేరు మీద అప్పలరాజులూ, అప్పలనరసమ్మలూ ఎంతమందో. పేరు చూసి ఏ గుడి గాలి తగిలే ఊరో ఉజ్జాయింపుగా చెప్పొచ్చు. ఐపీ అడ్రసు చూసి సబ్‌నెట్ చెప్పినట్టన్నమాట.

సరే, అసలు విషయానికొద్దాం. సత్యనారాయణ అనగానే మనకి ఏమనిపిస్తుంది? తరతరాల నుంచీ వస్తున్న పాత పేరు, వేదకాలం నాటిది కాకపోయినా కనీసం శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిదైనా అయ్యుంటుందని అనిపిస్తుంది. నేనూ అదే ధోరణిలో పెరిగాను. కానీ అన్నవరం గుడి వయసు ఎంతో తెలుసా? రత్నగిరి మీద స్వామిని ప్రతిష్ఠించింది 1891 ఆగస్టు 6న. ఖర నామ సంవత్సరం, శ్రావణ శుద్ధ విదియ. అంటే గాంధీ గారు లండన్లో బారిస్టరు చదువు ముగించుకుని వచ్చిన ఏడాది! స్థలపురాణం ప్రకారం గోర్స జమీందారుకీ, ఈరంకి ప్రకాశం అనే బ్రాహ్మణుడికీ ఒకే రకం కల వచ్చింది. ఇద్దరూ జనంతో కొండెక్కి వెతికితే విగ్రహం దొరికింది. కాశీ నుంచి యంత్రం తెప్పించి ప్రతిష్ఠ చేశారు. ఇప్పుడు మనం చూసే రథం ఆకారపు రాతి గుడి 1933-34 నాటిది. కింద అంతస్తులో యంత్రం, పైన స్వామి. రాజమండ్రి దగ్గర ధవళేశ్వరం ఆనకట్ట 1852కే పూర్తయిపోయింది. అంటే కాటన్ దొర ఆనకట్ట కన్నా మా దేవుడి గుడి దాదాపు నలభై ఏళ్ళు చిన్నది. ఈ లెక్క చెప్తే మా ఊళ్ళో పెద్దవాళ్ళు చాలామంది నమ్మలేదు.

ఇక్కడ నాకు ఇంకోటి తట్టింది. ఇది నా ఊహ, మీరు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. 1890ల్లోనే ఈ తీరం వెంట ఈస్ట్ కోస్ట్ రైల్వే లైను పడింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన మొదలైంది. అన్నవరానికి ఆ లైను మీద సొంత స్టేషనుంది. ఆనకట్ట నీళ్ళతో పండిన వరి, చేతిలో నాలుగు డబ్బులు, కొండ కింద ఆగే రైలు. మొక్కు తీర్చుకోవడానికి కాశీ దాకా పోనక్కర్లేదు, పొద్దున్న బండెక్కితే సాయంత్రానికి అడ్డాకులో చుట్టిన ప్రసాదంతో ఇంటికి తిరిగిరావచ్చు. మన భాషలో చెప్పాలంటే కంటెంటూ, బ్యాండ్‌విడ్తూ ఒకేసారి వచ్చాయి.

అలాగని పేరు మొత్తాన్నీ అన్నవరం ఖాతాలో వేసేయలేం. విశ్వనాథ సత్యనారాయణ గారు పుట్టింది 1895లో, కృష్ణా జిల్లా నందమూరులో. కొండమీద ప్రతిష్ఠ జరిగి అప్పటికి నాలుగేళ్ళే. గుడి కన్నా వ్రతం పాతది, వ్రతంతో పాటు పేరు కూడా అక్కడక్కడా ఉండే ఉంటుంది. అన్నవరం చేసిందేమిటంటే, ఇంటింటికీ తిరిగే ఆ వ్రతానికి ఒక కొండనీ, ఒక చిరునామానీ ఇచ్చింది.

మరి వ్రతం ఎక్కడిది? పంతులు గారు "స్కాంద పురాణే రేవాఖండే" అని చదువుతారు కదా, అదే మనకి తెలిసిన మూలం. కానీ ఈ సంగతి మీద పనిచేసిన పండితులు బెంగాల్ వైపు కూడా చూపిస్తారు. అక్కడ సత్యనారాయణుడూ, సత్యపీరూ అని ఇద్దరున్నారు. ఇద్దరూ ఒక్కరే అని జనం అనుకునేవారు. సత్యపీరు ముస్లిం ఫకీరు రూపంలో వచ్చే దేవుడు. పేద బ్రాహ్మణుడికి కనిపించి, నన్ను కొలిస్తే నీ దరిద్రం తీరుతుందంటాడు. మన కథలో కాశీలో పేద బ్రాహ్మణుడికి ముసలి బ్రాహ్మణుడి రూపంలో కనిపించే స్వామి గుర్తొస్తున్నాడు కదూ? అక్కడ నైవేద్యం పేరు షిర్నీ. పిండి, పాలు, బెల్లమో పంచదారో, అరటిపండు కలిపి పెడతారు. మన వ్రతంలో గోధుమ నూక, పాలు, పంచదార, నెయ్యి, అరటిపళ్ళు, అన్నీ సపాదం, అంటే ఒకటింబావు లెక్కన. హిందువులూ ముస్లిములూ ఇద్దరూ మొక్కుకున్న దేవుడి ప్రసాదం తాలూకు చుట్టాన్ని మనం మా ఊరి అరుగు మీద కూర్చుని లాగిస్తున్నామన్నమాట. నాకైతే ఈ సంగతి తెలిశాక ప్రసాదం ఇంకాస్త రుచిగా ఉంది.

కథలో ఇంకొక విశేషం గమనించారా? అందులో పేద బ్రాహ్మణుడున్నాడు, కట్టెలమ్ముకునేవాడున్నాడు, షావుకారున్నాడు, రాజున్నాడు, చివరి అధ్యాయంలో అడవిలో గొల్లలు పూజ చేస్తుంటే ప్రసాదం తీసుకోకుండా వెళ్ళిపోయిన రాజుకి బుద్ధొస్తుంది. అందుకేనేమో పేరు కూడా అన్ని ఇళ్ళలోకీ వెళ్ళింది. సత్యనారాయణ మూర్తి, సత్యనారాయణ రాజు, సత్యనారాయణ రెడ్డి, సత్యనారాయణ రావు, ఏ తోకా లేని సత్తియ్య. ఏమాటకామాటే చెప్పుకోవాలి, తోకని బట్టి కులం తెలిసిపోయేది. కానీ తల మాత్రం అందరికీ ఒకటే. ఆడపిల్లలకి సత్యవతి, సత్యవేణి. అన్నవరం అమ్మవారు అనంతలక్ష్మీ సత్యవతి కాబట్టి అనంతలక్ష్ములు కూడా.

ఇక పేరు వ్యాపించిన పద్ధతి. మన ఇంజినీర్లకి ఇది భలే నచ్చుతుంది. రెండు దారులు.

మొదటిది మొక్కు. పిల్లలు పుట్టకపోయినా, పుట్టి నిలవకపోయినా, "సామీ, బిడ్డ దక్కితే నీ పేరు పెట్టుకుంటాం" అని మొక్కుకోవడం. పిల్లలు పుట్టి పుట్టి పోతున్న కాలంలో ఇది ముద్దూ ముచ్చటా కాదు, ఒప్పందం. వ్రతకథలో షావుకారు సంగతి గుర్తుందిగా. సంతానం కలిగితే వ్రతం చేస్తానన్నాడు. కూతురు కళావతి పుట్టాక దాని పెళ్ళికి చేస్తానన్నాడు. పెళ్ళయ్యాక వ్యాపారానికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన పడ్డ పాట్లన్నీ వాయిదా వేసినందుకే. చెరసాలలో పడ్డాడు, పడవ నిండా ఉన్న ధనం ఆకులూ అలములూ అయిపోయింది. ఆ కథ ఏటా వింటూ పెరిగిన వాళ్ళు పేరు విషయంలో వాయిదా వేస్తారా?

రెండోది తాత పేరు మనవడికి పెట్టడం. ఒకసారి ఒక సత్యనారాయణ కుటుంబంలో చేరాడంటే ఇంక ఆపేవాడు లేడు. కొడుకులు నలుగురుంటే, నలుగురి పెద్దకొడుకులకీ తాత పేరే. ఒక తరం వదిలి ఒక తరం, ఒకటి నాలుగై తేలుతుంది. మా వంశంలో ముత్తాత పేరు వీరన్న. ఆయన కొడుకు, అంటే మా తాతగారు, మొక్కుబడికి పుట్టిన సత్యనారాయణ. మా తరంలో మేము అన్నదమ్ముల పిల్లలం ముగ్గురం సత్యనారాయణలం. పెద్ద సత్తి, నడిపి సత్తి, చిన సత్తి. నేను నడిపివాణ్ణి.

ఇందులో ఒక చిక్కుంది. కోడలు మామగారి పేరు పలకకూడదు. మరి కన్నకొడుకుని ఏమని పిలవాలి? దానికి మా వాళ్ళు కనిపెట్టిన ఉపాయమే తాతబ్బాయి, తాతారావు, తాతాజీ, అబ్బులు, అబ్బాయి లాంటి పేర్లు. బయటివాళ్ళకి ఇవి వింతగా ఉంటాయి. "తాత"నీ "అబ్బాయి"నీ కలిపి ఒక్కడికే పెట్టడమేమిటని నా తమిళ రూమ్మేటు ఒకడు తెగ నవ్వేవాడు. మా అమ్మ ఈ రోజుకీ నన్ను తాతబ్బాయి అనే పిలుస్తుంది. నేను పుట్టిన దగ్గర్నుంచీ ఆవిడ నోట నా అసలు పేరు నేను వినలేదు. రేషను కార్డు దగ్గర, బ్యాంకులో, ఆస్పత్రిలో, ఎక్కడ నా పేరు చెప్పాల్సి వచ్చినా నాన్న వైపో, పక్కవాళ్ళ వైపో చూస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

పేరు మా జిల్లాలు దాటి కూడా చాలా దూరం వెళ్ళింది. దక్షిణాదిలో హిందీ ప్రచారం చేసిన మోటూరి సత్యనారాయణ గారు, కైకాల సత్యనారాయణ గారు ఇద్దరూ కృష్ణా జిల్లా వాళ్ళు. 1926లో అనంతపురం జిల్లా పుట్టపర్తిలో పుట్టిన సత్యనారాయణ రాజే తర్వాత సత్యసాయిబాబా అయ్యారు. తల్లి సత్యనారాయణ వ్రతం చేసేదని, అందుకే ఆ పేరని ఆయన జీవిత చరిత్రల్లో చెప్తారు. 1964లో ఎన్టీఆర్ 'సత్యనారాయణ మహాత్మ్యం' సినిమా వచ్చింది. ఆ రోజుల్లో పేరు వెలుగు మీదుంది.

మరి ఎక్కడ పడిపోయింది?

నా లెక్కలో మొదటి దెబ్బ ఇంకో దేవుడి నుంచే తగిలింది. 1986లో 'శ్రీ షిర్డీ సాయిబాబా మహత్యం' సినిమా వచ్చాక ఊరూరా సాయి మందిరాలు, గురువారం భజనలు. ఆ తర్వాతి పదిహేనేళ్ళలో పుట్టిన తెలుగు పిల్లల్ని చూడండి: సాయికిరణ్, సాయికృష్ణ, సాయితేజ, సాయిప్రియ. ఏ కంపెనీలో ఫ్రెషర్స్ బ్యాచి తీసుకున్నా సాయి అని పిలిస్తే సగం క్యూబికల్స్‌లోంచి తలలు లేస్తాయి. ఒకప్పుడు సత్తిబాబు పడ్డ పాట్లే ఇప్పుడు వీళ్ళు పడుతున్నారు. సాయి1, సాయి2 అని ఈమెయిలు ఐడీలు.

రెండో దెబ్బ మన వృత్తిది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు యూనిక్స్ లాగిన్‌కి ఎనిమిది అక్షరాలే హద్దు. ఇంగ్లీషులో నా పేరుకి పదమూడు. సిస్టమ్స్ అడ్మిన్ కోసిపారేస్తే "సత్యనార్" మిగిలింది. నారాయణుడు పోయి నార మిగిలాడు :) ఆన్‌సైటు వెళ్ళాక ఫస్టు నేమేది, లాస్టు నేమేది అనే పురాణం మీ అందరికీ తెలిసిందే. మా ఇంటిపేరు ముందుంటుందని, అసలు పేరు చివరుంటుందని, మధ్యలో వీర వెంకట అనేవి దేవుడివని ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గర ఎవరికి చెప్తాం? అందరం ఒకే పని చేశాం. "జస్ట్ కాల్ మి సత్యా" అన్నాం.

అలా నారాయణుడు జారిపోయి సత్య మిగిలాడు. ఇది పొట్టిగా ఉంటుంది, ఆడామగా ఇద్దరికీ సరిపోతుంది, 1998లో రాంగోపాల్ వర్మ సినిమాతో కాస్త స్టైలు కూడా వచ్చింది. 2014 ఫిబ్రవరిలో సత్య నాదెళ్ళ గారు మైక్రోసాఫ్ట్ సీఈఓ అయినప్పుడు ఆయన పూర్తి పేరు సత్యనారాయణ నాదెళ్ళ అని చదివి మా ఊళ్ళో సత్తిబాబులందరూ ఒక అంగుళం ఎత్తు పెరిగారు. ఆయన గోదావరి వాడు కాదు, పుట్టింది హైదరాబాదు, మూలాలు అనంతపురం జిల్లా. అయినా మా వాళ్ళు అలాంటివి పట్టించుకోరు. ఇంకోవైపు, మన వృత్తిలో ఎవరూ మరిచిపోలేని సత్యం కంపెనీ. ఆ అధిపతి రామలింగరాజు గారి తండ్రి పేరు బైర్రాజు సత్యనారాయణ రాజు, సొంతూరు భీమవరం దగ్గర గరగపర్రు. 2009 జనవరి 7న ఆ ఉత్తరం బయటపడినప్పుడు, కంపెనీ పేరుకీ ఖాతా పుస్తకాలకీ మధ్య ఉన్న దూరం మీద వేసిన జోకులు మనందరం విన్నాం, కొన్ని వేశాం కూడా.

మూడో దెబ్బ వెక్కిరింత. సినిమాల్లో, టీవీలో సత్తి అంటే అమాయకుడు, పల్లెటూరివాడు. బిత్తిరి సత్తి పాత్రని చూసి మనందరం హాయిగా నవ్వుకున్నాం. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఒక పేరు మరీ ఎక్కువమందికి ఉంటే అది సగటు మనిషికి గుర్తయిపోతుంది, సగటు మనిషిని చూసి నవ్వడం అందరికీ తేలిక.

ఇది మనకొక్కళ్ళకే జరిగిందనుకోకండి. కెవిన్ అనే పేరు చూడండి. అది ఐర్లండ్ పేరు. అందమైన పుట్టుక గలవాడు అని అర్థం చెప్తారు. గ్లెండలాక్ అనే లోయలో ఆశ్రమం కట్టుకున్న ఒక సాధువు పేరది. మన లోవరాజు లాంటిదే, లోయలో పుణ్యక్షేత్రం ఇచ్చిన పేరు. వలస వెళ్ళిన ఐరిష్ వాళ్ళతో అమెరికా చేరింది. 1990లో 'హోమ్ అలోన్' సినిమాలో ఆ చిచ్చరపిడుగు పేరు కెవిన్. ఆ సినిమా వెళ్ళిన జర్మనీలో 1991లో మగపిల్లలకి అందరికన్నా ఎక్కువగా పెట్టిన పేరు కెవిన్. ఆ తర్వాత? చదువులేని ఇళ్ళవాళ్ళు పెట్టుకునే పేరని అక్కడ ముద్రపడింది. కెవినిజం అని ఒక వెక్కిరింత మాటే పుట్టింది. 2009లో ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్ళు స్కూలు టీచర్లని అడిగితే, కెవిన్ అనగానే అల్లరి పిల్లాడని ముందే అనేసుకుంటున్నట్టు తేలింది. పాపం, ఆ సాధువు ఏం చేశాడు?

అమెరికాలో అయితే 1880 నుంచీ ఏ ఏడు ఏ పేరు ఎంతమంది పిల్లలకి పెట్టారో సోషల్ సెక్యూరిటీ వాళ్ళ దగ్గర పట్టికలున్నాయి, ఎవరైనా దించుకుని గ్రాఫు గీసుకోవచ్చు. మనకి అలాంటిది లేదు. పెళ్ళి శుభలేఖలు, టెంత్ ఫలితాలు, అరుగు మీద పెద్దలు, ఇవే మన డేటాబేసు.

ఇక మా ఇంటి రభస.

మా తమ్ముడూ మరదలూ అమెరికాలో ఉంటారు. మరదలికి రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి మా అమ్మ ఎవరికీ చెప్పకుండా అన్నవరం కొండమీద మొక్కుకుంది. బిడ్డ దక్కితే స్వామి పేరు పెడతామని. బాబు నెల ముందే పుట్టి, రెండు వారాలు అద్దాల పెట్టెలో ఉండి, క్షేమంగా బయటపడ్డాడు. అప్పుడు చెప్పింది మొక్కు సంగతి.

మన దగ్గర అయితే చట్టం దయగలది. పుట్టిన సంగతి 21 రోజుల్లో నమోదు చేయించాలి, పేరు తర్వాతైనా చేర్చుకోవచ్చు. బారసాల నాటికి బియ్యంలో రాసేలోపు ఇంటిల్లిపాదీ కొట్టుకోవడానికి బోలెడు టైముంటుంది. అక్కడ అలా కాదు. ఆస్పత్రి వదిలేలోపే ఫారం నింపమంటారు. వాళ్ళు అప్పటికే రెండక్షరాల పేరొకటి ఎంచి పెట్టుకున్నారు. మా తమ్ముడు రాత్రి రెండింటికి ఫోను.

"అన్నయ్యా, నువ్వే చెప్పు అమ్మకి. పదమూడక్షరాల పేరు పెడితే వీడు కిండర్‌గార్టెన్‌లోనే నన్ను తిట్టుకుంటాడు. నీ పేరుతో నువ్వు పడ్డ బాధలు చెప్పు."

మర్నాడు నేను అమ్మకి నా పరిశోధనంతా వినిపించాను. గుడి 1891దేనని, మా ముత్తాతకే ఈ పేరు లేదని, ఆ రోజుకి ఇదీ కొత్త ఫ్యాషనేనని. అంతా విని అమ్మ అంది:

"అయితే మాత్రం? ఎప్పటి దేవుడైతే ఏంట్రా, అడిగింది నేను, ఇచ్చింది ఆయన. కాయితం మీద ఆయన పేరుండాలి. పిలుచుకోడానికి మీకేం కావాలో అది పిలుచుకోండి. నిన్ను నేను ఎప్పుడైనా ఆ పేరెట్టి పిలిచానా?"

నేను చదివిన పుస్తకాలన్నీ ఒక పక్కా, ఈ మాట ఒక పక్కా. నిజమే కదా. మనం ఇదేదో ఆధునిక సమస్య అనుకుంటున్నాం గానీ, రాతలో ఒక పేరు, పిలుపులో ఒక పేరు అనేది మా ఇళ్ళలో మొదట్నుంచీ ఉన్న ఏర్పాటే. ఆ పెద్ద పేరు పిలవడానికి పెట్టింది కాదు. ఉండటానికి పెట్టింది. తాకట్టు పత్రంలో సంతకంలాగా.

చివరికి తమ్ముడు ఫారంలో మొదటి పేరు తనకి నచ్చింది రాసి, మధ్య పేరు చోట సత్య అని రాశాడు. సగం మొక్కు. అమ్మ ఏమీ అనలేదు. కార్తీకమాసంలో నేను ఊరెళ్ళినప్పుడు "పద, కొండకెళ్దాం" అంది. వ్రతాల మండపంలో వందలమంది మధ్య పీట మీద కూర్చున్నాం. సంకల్పంలో పురోహితుడు గారు గోత్రం అడిగారు, చెప్పింది. మా పేర్లు అయ్యాయి. "పిల్లవాడి పేరు?" అన్నారు. అమ్మ నా వైపు చూసింది. "నువ్వు చెప్పరా తాతబ్బాయీ" అంది.

వీర వెంకట సత్యనారాయణ అని చెప్పాను. నా పేరు, మా తాత పేరు, వాడి పేరు. అక్కడ ఎనిమిదక్షరాల హద్దేమీ లేదు.

ఇప్పుడు నా అభిప్రాయం. పాత పేర్లు పోతున్నాయని గుండెలు బాదుకునే వాళ్ళతో నేను లేను. మా ముత్తాత వీరన్నకి కొడుక్కి పెట్టిన పేరు కొత్తగానే అనిపించి ఉంటుంది, వాళ్ళ నాన్న పేరు పెట్టలేదని ఎవరో ఒకరు సణిగే ఉంటారు. నాలుగు తరాల కింద వచ్చిన పేరు నాలుగు తరాల తర్వాత పోతుంది. పేరు పోయినంత మాత్రాన దేవుడికొచ్చిన నష్టమేమీ లేదు, కార్తీకంలో కొండమీద రద్దీ చూసినవాళ్ళకి ఆ దిగులుండదు.

కానీ ఒకటి మాత్రం నన్ను ఆలోచనలో పడేస్తోంది. ఇవాళ పేరు పెట్టే ముందు మనం అడిగే ప్రశ్నలు ఏమిటి? ఇంకెవరికైనా ఉందా? అమెరికావాడు పలకగలడా? న్యూమరాలజీ కుదిరిందా, ఒక 'హెచ్' తగిలించాలా? అన్నీ బిడ్డ ఎలా వేరుగా కనబడాలి అనే ప్రశ్నలే. మా అమ్మ తరం అడిగిన ప్రశ్న ఒక్కటే. ఈ బిడ్డ విషయంలో మనం ఎవరికి బాకీ? దేవుడికా, తాతకా, పురుడు పోసిన మంత్రసానికా, ఆపరేషను చేసిన డాక్టరుకా. ఎవరికో ఒకరికి. ఊరినిండా ఒకే పేరు ఉండటానికి కారణం వాళ్ళకి ఊహ లేకపోవడం కాదు, అందరూ ఒకే చోట బాకీ పడటం.

మీ ఇష్టం వచ్చిన పేరు పెట్టుకోండి, రెండక్షరాలైనా పదమూడక్షరాలైనా. కానీ వాడు పుట్టేముందు ఎవరు ఎవరికి మొక్కుకున్నారో, ఎవరు ఎన్ని రాత్రులు మేలుకున్నారో ఆ సంగతి వాడికి తెలిసేలా ఎక్కడో ఒకచోట, మధ్య పేరులోనైనా సరే, రాసిపెట్టండి. పెద్దయ్యాక ఎవరో "ఈ మధ్యలో 'ఎస్' ఏంటి?" అని అడుగుతారు. అప్పుడు వాడికి చెప్పడానికి ఒక కథ ఉంటుంది.

తా.క.: మా తమ్ముడి కొడుక్కి ఇప్పుడు మాటలొస్తున్నాయి. వాడి మొదటి పేరు అమ్మకి నోరు తిరగదు, మధ్య పేరు పలకదు. వీడియో కాల్‌లో "చిన తాతబ్బాయీ" అని పిలుస్తుంది. వాడు "ఆఁ" అంటాడు.